క్రైమ్ సీరియల్ ముగింపు ముందే పట్టుకోవాలంటే బాకీల పుస్తకం పెట్టండి

ముందుగా ఒక మాట. ఇందులో ఉదాహరణలు దాదాపు అన్నీ ‘బ్రేకింగ్ బ్యాడ్’ అనే అమెరికన్ సీరియల్ నుంచే, అదీ చివరి సీను దాకా. ఇంకా చూడనివాళ్ళు ఇక్కడే ఆపేసి, ఐదు సీజన్లూ, 62 ఎపిసోడ్లూ చూసి వచ్చాక చదవండి. ఏమీ తెలియకుండా మొదటిసారి చూసే అవకాశం ఒక్కసారే ఉంటుంది, దాన్ని నా రాత కోసం పాడుచేసుకోవద్దు.

చూసేసినవాళ్ళు రండి.

కథ ఎటు పోతుందో ఊహించడం మనకు కొత్తేమీ కాదు. 2015 జూలై నుంచి 2017 ఏప్రిల్ దాకా కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ప్రశ్న టీ కొట్టు దగ్గరా, పెళ్ళి భోజనాల దగ్గరా నడుస్తూనే ఉంది. కానీ అప్పుడు ఎక్కువమందిమి చేసింది చీకట్లో బాణం వేయడమే. ఎవరికి ఏది తోస్తే అది అన్నారు, ఎందుకు అలా అనుకుంటున్నావంటే ‘అదంతే’ అన్నారు. సరదాకి అది చాలు. నిజంగా పట్టుకోవాలని ఉంటే మాత్రం ఒక పద్ధతి కావాలి.

2013లో నేను డాలస్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను. అపార్ట్‌మెంట్‌లో నలుగురం, గుంటూరు వాడొకడు, వరంగల్ వాడొకడు, మేమిద్దరం రాజమండ్రి వైపు. ‘బ్రేకింగ్ బ్యాడ్’ ఆఖరి ఎనిమిది ఎపిసోడ్లు ఆ ఏడాది ఆగస్టు 11 నుంచి సెప్టెంబర్ 29 దాకా ఆదివారం ఆదివారం ఏఎంసీ చానల్లో వచ్చాయి, మాకు రాత్రి ఎనిమిదింటికి. ఆ లోపే కుక్కర్ దించేయాలన్నది ఇంట్లో రూలు. ఎపిసోడ్ అయ్యాక గంటసేపు వాదన, ఎవరి గొంతు పెద్దదైతే వాడిదే గెలుపు. మూడో వారం వరంగల్ వాడికి విసుగొచ్చి ఒక లాంగ్ నోట్‌బుక్ తీసి, వాళ్ళ నాన్న కిరాణా కొట్లో ఖాతా రాసినట్టు నిలువు గీతలు కొట్టాడు. "మామా, కథ ఎవరికి ఎంత బాకీ ఉందో ముందు రాద్దాం, ఆ తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు. నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క మాటే. ఆ తర్వాత ఏ క్రైమ్ సీరియల్ చూసినా నేను ఆ పుస్తకం పెట్టకుండా చూడలేదు.

1. ముందు ప్రశ్న ఏమిటో తేల్చుకోండి

క్రైమ్ సీరియళ్ళన్నీ ఒకే ప్రశ్న అడగవు. కొన్ని ‘ఎవరు?’ అని అడుగుతాయి. బీబీసీలో వచ్చిన ‘లైన్ ఆఫ్ డ్యూటీ’ అలాంటిది. పోలీసుల్లోనే ఉంటూ నేరస్తుల ముఠాకు పనిచేస్తున్న పెద్ద తలకాయ ఎవరన్నది ఏళ్ళ తరబడి నడిపిన ప్రశ్న. ఇలాంటి కథల్లో మనిషి మనసు కంటే అలవాట్లు, ఎవరు ఎప్పుడు ఎక్కడున్నారన్న లెక్క ముఖ్యం. అందులో అసలు ఆధారం ఏమిటో తెలుసా, ఒక స్పెల్లింగ్ తప్పు. ‘డెఫినెట్‌లీ’ అనే ఇంగ్లిష్ మాటలో ‘ఐ’ రాయాల్సిన చోట ‘ఏ’ రాయడం. ఐదో సీజన్లో అదే తప్పు హేస్టింగ్స్ అనే పెద్దాఫీసరు చేసేసరికి జనం అందరూ ఆయన మీద పడ్డారు. చివరికి 2021 మే 2న, ఆరో సీజన్ ఆఖరి ఎపిసోడ్లో, ఎవరూ లెక్కలోకి తీసుకోని, చేతకానివాడని అందరూ అనుకున్న ఇయన్ బకెల్స్ దొరికాడు. చాలామంది నిరాశపడ్డారు, ఇంత చిన్నవాడా అని. నాకైతే అది న్యాయమైన ముగింపే అనిపించింది, ఎందుకంటే ఆధారం ముందే మన కళ్ళముందు పెట్టారు, మనమే గొప్పవాడి కోసం వెతికాం.

‘బ్రేకింగ్ బ్యాడ్’లో ‘ఎవరు?’ అన్న ప్రశ్నే లేదు. మొదటి ఎపిసోడ్లోనే మత్తుమందు తయారుచేసే నేరం ఎవరిదో మనకు తెలుసు, వాల్టర్ వైట్, ఆల్బకర్కీ అనే ఊళ్ళో కెమిస్ట్రీ మాస్టారు, యాభయ్యేళ్ళవాడు, ఊపిరితిత్తుల క్యాన్సర్. అక్కడ ప్రశ్న ‘ఎంత మూల్యం, ఎవరు కడతారు?’ అన్నది. ఈ రకం కథకు ఆధారాల చిట్టా పనికిరాదు, బాకీల చిట్టా కావాలి.

ఇంకో రకం కూడా ఉంది, మాఫియా నాయకుడు టోనీ కథ ‘ది సొప్రానోస్’ లాంటిది. 2007 జూన్ 10న హోటల్లో కుటుంబం కూర్చుని, కూతురు లోపలికి వస్తుండగా తెర ఉన్నట్టుండి నల్లగా అయిపోయింది, అంతే, అయిపోయింది. టోనీ బతికాడా చచ్చాడా అని ఈనాటికీ కొట్టుకుంటున్నారు. అలాంటిదానికి పందెం కాయకండి, డబ్బు ఎవరికి ఇవ్వాలో తేలదు.

2. పుస్తకంలో మూడు రకాల బాకీలు రాయండి

మొదటి రకం వస్తువులు. చూపించి, దాచి, మళ్ళీ చూపించిన ప్రతిదీ బాకీయే. రైసిన్‌ను తీసుకోండి. ఆముదం గింజల నుంచి వచ్చే విషం అది, చిటికెడు చాలు మనిషి పోవడానికి. నాలుగో సీజన్లో వాల్టర్ దాన్ని మత్తుమందు వ్యాపారి గస్‌ను చంపడానికని ఒక సిగరెట్లో పెట్టి, తన పాత శిష్యుడూ ఈ వ్యాపారంలో జోడీ అయిన జెస్సీకి ఇస్తాడు. అది గస్ దగ్గరికి చేరదు. సిగరెట్టు మాయమవుతుంది. ఐదో సీజన్ మొదట్లో వాల్టర్ ఆ విషం ఉన్న చిన్న గాజు గొట్టాన్ని తన పడగ్గదిలో కరెంటు ప్లగ్గు మూత వెనక దాస్తాడు. మధ్యలో వ్యాపారంలో భాగస్వామి లిడియాను కలవడానికి వెళ్ళినప్పుడు వెంట తీసుకెళ్ళి, వాడకుండానే తెచ్చి మళ్ళీ అక్కడే పెడతాడు. 2013 ఆగస్టు 11 నాటి ఎపిసోడ్ మొదట్లో, కిటికీలకు చెక్కలు కొట్టి పాడుబడిన అదే ఇంట్లోకి గడ్డంతో ఉన్న వాల్టర్ వచ్చి ఆ మూత ఊడదీసి దాన్ని బయటికి తీస్తాడు. ఇన్నిసార్లు చేతులు మారి, ఒక్కసారి కూడా పని చేయని విషం కథకు ఎంత పెద్ద బాకీయో ఆలోచించండి. ఎవరో ఒకరు అది మింగక తప్పదు. ఇక్కడిదాకా ఎవరైనా చెప్పగలరు. ఎవరు అన్నది తర్వాతి సంగతి.

రెండో రకం రహస్యాలు. ఇవి వస్తువుల కంటే బరువైనవి. మనకు తెలిసి, తెలియాల్సినవాడికి తెలియనివి. జెస్సీ ప్రియురాలు జేన్ గొంతులో వాంతి అడ్డుపడి చనిపోతుంటే వాల్టర్ పక్కనే నిలబడి చూశాడు, కాపాడలేదు, ఇది 2009 నాటి రెండో సీజన్. జెస్సీకి తర్వాత దగ్గరైన అమ్మాయి కొడుకు, చిన్న పిల్లాడు బ్రాక్‌కు విషం పెట్టింది వాల్టరే, ఇది మనకు 2011 అక్టోబర్‌లో తెలిసింది. ఈ రెండూ జెస్సీకి తెలియవు. ప్రతి రహస్యానికీ పుస్తకంలో ఒక వరస ఇవ్వండి, ‘వాల్టర్ జెస్సీకి బాకీ’ అని. పక్కన ఏ ఏడు నుంచో రాయండి. ఎంత పాతదైతే వడ్డీ అంత పెరుగుతుంది, అది బయటపడే సీను అంత పెద్దదవుతుంది.

మూడో రకం మీద చివర్లో వస్తాను. అది మేము రాయలేదు, అందుకే దెబ్బతిన్నాం.

3. కెమెరా ఎక్కడ ఆగిందో రాసుకోండి

కథలో మనుషులు అబద్ధం చెప్తారు గానీ కెమెరా ఆగిన చోటు అరుదుగా అబద్ధం చెప్తుంది. నాలుగో సీజన్ పన్నెండో ఎపిసోడ్, 2011 అక్టోబర్ 2. వాల్టర్ ఇంటి పెరట్లో ఈతకొలను పక్కన ఒంటరిగా కూర్చుని ఉంటాడు. గస్ మనుషులు తనను చంపడానికి ఎప్పుడొస్తారో తెలియదు. ముందున్న బల్ల మీద రివాల్వర్ పెట్టి బొంగరంలా తిప్పుతాడు. గొట్టం తనవైపే తిరిగి ఆగుతుంది. మళ్ళీ తిప్పుతాడు, మళ్ళీ తనవైపే. మూడోసారి తిప్పితే అది పక్కకు, ఒక కుండీలోని మొక్క వైపు తిరిగి ఆగుతుంది. అతను అటు చూస్తాడు. ఒక్క మాట లేదు, సంగీతం కూడా అరవదు.

వారం తర్వాత, సీజన్ మొత్తం అయిపోయి, గస్ చచ్చి, వాల్టర్ ‘నేను గెలిచాను’ అన్నాక, కెమెరా నెమ్మదిగా అదే పెరట్లోకి వెళ్ళి అదే కుండీ మీద ఆగుతుంది, దానికి కట్టిన చీటీ మీద ‘లిలీ ఆఫ్ ద వ్యాలీ’ అని ఉంటుంది. బ్రాక్‌ ఒంట్లో పడిన విషం ఆ మొక్కదే. ఆ వారంలో జనం గస్ చేయించాడా, వాల్టర్ చేయించాడా అని తెగ వాదించుకున్నారు. జవాబు తుపాకీ గొట్టం చివరే ఉంది.

కాబట్టి రూలు ఇది. ఏ వస్తువు మీదైనా కెమెరా మాటలు లేకుండా మూడు సెకన్లు ఎక్కువ ఆగితే, మీకు అర్థం కాకపోయినా సరే, పుస్తకంలో రాసేయండి. అర్థం తర్వాత వస్తుంది. అర్థమైనవి మాత్రమే రాస్తే మీ పుస్తకంలో మీకు ముందే తెలిసినవే ఉంటాయి.

4. పళ్ళెం, క్యాలెండరు, నంబరు ప్లేటు

ఇది ఐదో సీజన్ మొదటి నాలుగు నిమిషాల సంగతి, 2012 జూలై 15. నాకు మొత్తం సీరియల్లో ఇంతకంటే గొప్ప ఆధారం ఇంకొకటి కనబడలేదు, అందుకే కాస్త నిదానంగా చెప్తాను.

వాల్టర్ ఒక చిన్న టిఫిన్ హోటల్లో ఒక్కడే కూర్చుని ఉంటాడు. జుట్టు పెరిగింది, గడ్డం పెరిగింది, దగ్గుతున్నాడు. పళ్ళెంలో ఉన్న బేకన్ ముక్కల్ని విరిచి 52 అంకె చేస్తాడు. మొదటి ఎపిసోడ్లో అతని యాభయ్యో పుట్టినరోజుకు భార్య స్కైలర్ పళ్ళెంలో అలాగే 50 పేర్చి పెట్టింది. అది వాళ్ళింటి ఆనవాయితీ. ఇప్పుడు పేర్చేవాళ్ళు లేరు, తన పుట్టినరోజు తనే పేర్చుకుంటున్నాడు. పర్సులో వేరే పేరుతో కార్డు ఉంది. కారు నంబరు ప్లేటు న్యూ హ్యాంప్‌షైర్‌ది, ఆల్బకర్కీకి దేశం ఆ చివర. కారు డిక్కీలో ఎం60 మెషిన్ గన్.

ఇవన్నీ కలిపి చదవండి. ముగింపుకు ఇంకా పద్నాలుగు నెలల టైమ్ ఉండగానే కథ మనకు ఏం చెప్పేసింది? కుటుంబం వదిలేసింది. అతను పారిపోయాడు, పేరు మార్చుకున్నాడు. క్యాన్సర్ తిరగబెట్టింది. అయినా తిరిగొచ్చాడు, అంటే ఆల్బకర్కీలో ఏదో మిగిలిపోయింది. ఒకరిద్దరి కోసం అయితే చిన్న తుపాకీ చాలు, ఇంత పెద్దది తెచ్చాడంటే ఎదుట గుంపు ఉంది. క్యాలెండరు చూస్తే మొదటి ఎపిసోడ్‌కీ దీనికీ మధ్య కచ్చితంగా రెండేళ్ళు, ఆ సీజన్ నాలుగో ఎపిసోడ్లో 51 వస్తుంది కాబట్టి మిగిలింది ఒక్క ఏడాది. ఇందులో ఏదీ ఊహ కాదు, తెర మీద ఉన్నది చదవడమే. నలుగురిలో ముగ్గురం డిక్కీలోని గన్ను చూసి ఎగిరాం. పళ్ళెం గురించి అన్నది గుంటూరు వాడొక్కడే. "ఒరేయ్, పెళ్ళాం లేదురా ఇంట్లో, చూశారా" అన్నాడు.

అందుకే, ముందుకు దూకి చూపించే సీను ఏది వచ్చినా పెద్ద వస్తువును వదిలేసి చిన్నవాటిని చూడండి. తిండి, బట్టలు, వేలికి ఉంగరం ఉందా లేదా, గోడ మీద ఏముంది, పక్కన ఎవరు లేరు. ‘ఎవరు లేరు’ అన్నదానికి పుస్తకంలో విడిగా గడి పెట్టండి.

5. దిక్కు చెప్పండి, సంఘటన చెప్పొద్దు

రెండో సీజన్లో నాలుగు ఎపిసోడ్లు నలుపూ తెలుపూ సీనుతో మొదలవుతాయి. వాల్టర్ ఇంటి ఈతకొలనులో సగం కాలిన బొమ్మ ఎలుగుబంటి తేలుతుంటుంది, అదొక్కటే గులాబీ రంగులో. ఊడిపోయిన కన్ను ఒకటి. తెల్ల డ్రెస్సులు వేసుకున్నవాళ్ళు వచ్చి దాన్ని సంచిలో వేస్తారు, ఇంటి ముందు శవాల సంచులు. ఇది చూసి ఆ ఇంట్లో పేలుడు జరుగుతుందనో, ఆ ఇంట్లో ఎవరో పోతారనో అనుకోవడం ఎంత సహజం! కానీ జరిగింది వేరు. జేన్ చావుతో కుంగిపోయిన ఆమె తండ్రి విమానాలకు దారి చూపే ఉద్యోగంలో పొరపాటు చేసి, రెండు విమానాలు గాల్లో గుద్దుకుని 167 మంది పోతారు. బొమ్మ ఆకాశం నుంచి పడింది. ఆ నాలుగు ఎపిసోడ్ల పేర్లను వరసగా పెట్టి చదివితే ‘సెవెన్ థర్టీ సెవెన్ డౌన్ ఓవర్ ఏబీక్యూ’ అని వస్తుంది, బోయింగ్ విమానం ఆల్బకర్కీ మీద కూలిందని.

పేర్లు కలిపి చదివి పట్టుకున్నవాళ్ళకు నా దండం. కానీ ఆ కిటుకు తెలియకపోయినా ఒకటి చెప్పగలిగేవాళ్ళం: వాల్టర్ చేసిన పాపానికి ఏ సంబంధమూ లేనివాళ్ళు మూల్యం కడతారు, అది అతని ఇంటి ముంగిట్లోనే వచ్చి పడుతుంది. ఇది దిక్కు. ‘ఇల్లు పేలుతుంది’ అన్నది సంఘటన. సంఘటన ఊహిస్తే వందలో ఒకటి తగలొచ్చు, దిక్కు ఊహిస్తే చాలాసార్లు తగులుతుంది, తగిలినప్పుడు మీకు కథ అర్థమైందని కూడా తెలుస్తుంది. పుస్తకంలో రెండూ రాయండి గానీ విడివిడిగా రాయండి.

6. మీ కోరిక వేరే పేజీలో

ఇది అన్నిటికంటే కష్టం. జెస్సీ బతకాలని నేను కోరుకున్నాను, కాబట్టి బతుకుతాడని రాశాను. బతికాడు. కానీ అది ఊహకు మార్కు వేసుకోదగ్గది కాదు, ఎందుకంటే నా దగ్గర కారణం లేదు, ప్రేమ తప్ప.

కోపం కూడా ఇలాగే కళ్ళు మూస్తుంది. స్కైలర్ పాత్ర మీద అప్పట్లో చూసేవాళ్ళకు ఎంత కసి ఉండేదంటే, ఆ పాత్ర వేసిన ఆనా గన్ 2013 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్‌లో దాని గురించే ఒక వ్యాసం రాశారు. మా గదిలో కూడా ఒకడు ప్రతి వారం ‘స్కైలర్ వీడిని పట్టించేస్తుంది’ అనేవాడు, కథలో దానికి ఆధారం ఉందా అంటే ఉండదు, ఆవిడంటే పడదు, అంతే. మొగుడు హంతకుడై ఇంట్లో తిరుగుతుంటే పిల్లల్ని పెట్టుకుని భయంతో బతికే ఆడమనిషిని విలన్‌గా చూసినవాళ్ళకు ముగింపులో ఆమెకు దక్కాల్సిన సీను ఎలా తడుతుంది? మాకూ తట్టలేదు, అది చివర్లో చెప్తాను.

చేయాల్సింది సులువే. ఎడమ పేజీలో ‘నాకు కావాల్సింది’, కుడి పేజీలో ‘కథ చేయబోయేది’. రెండూ అన్ని వరసల్లోనూ ఒక్కటే అయితే మీరు కథను చూడటం లేదు. మళ్ళీ మొదలుపెట్టండి.

7. తీసేవాళ్ళకు కూడా అన్నీ తెలియవు

దీన్ని చాలామంది ఒప్పుకోరు. మొదటి రోజే మొత్తం రాసిపెట్టుకుని, ప్రతి చొక్కా రంగులో రహస్యం దాచారని నమ్ముతారు. ‘బ్రేకింగ్ బ్యాడ్’ సృష్టికర్త విన్స్ గిల్లిగన్ స్వయంగా చెప్పిన సంగతి, డిక్కీలో ఎం60 చూపించినప్పుడు దాన్ని దేనికి వాడాలో రాసేవాళ్ళకే తెలియదు, ముందు చూపించేసి తర్వాత నెలల తరబడి తల పట్టుకున్నారు. మొదటి సీజన్ చివర జెస్సీని చంపేద్దామన్నది కూడా ఆయన మొదటి ఆలోచనే, ఆ పాత్రలో ఆరన్ పాల్‌ను చూశాక మానుకున్నారు.

దీనివల్ల మన పని తేలికవుతుంది. రచయితల బల్ల మీద కూడా ఇదే చిట్టా ఉంటుందన్నమాట, ఏం చూపించాం, ఇంకా ఏం తీర్చలేదు అని. మనం వాళ్ళ రహస్యాన్ని దొంగిలించడం కాదు, వాళ్ళ ముందున్న లెక్కనే మనమూ చేస్తున్నాం.

బయటి వార్తల సంగతి: 2013 సెప్టెంబర్ 11న, ముగింపుకు పద్దెనిమిది రోజుల ముందు, వాల్టర్ లాయరు సాల్ మీద వేరే సీరియల్ వస్తుందని ప్రకటించారు. వెంటనే ‘అయితే సాల్ బతుకుతాడు’ అన్నారు మావాళ్ళు. అది అంతకు ముందు జరిగే కథ కాబట్టి ఆ వార్త ఏదీ రుజువు చేయదు. లీకులు వెతకడం మాత్రం వద్దు, అది కాపీ కొట్టడం.

8. పేర్లు

ఆఖరి ఎపిసోడ్ పేరు ‘ఫెలీనా’. ఇంగ్లిష్ అక్షరాలు అటూ ఇటూ మారిస్తే ‘ఫినాలే’ వస్తుంది. అభిమానులు ఇంకా ముందుకెళ్ళి ఎఫ్ఈ, ఎల్ఐ, ఎన్ఏ అని విరిచారు, ఇనుము, లిథియం, సోడియం, అంటే రక్తం, మత్తుమందు, కన్నీళ్ళు. అందంగా ఉంది, కెమిస్ట్రీ మాస్టారి కథకు అతికినట్టుంది, కానీ దాన్నుంచి ఏం జరుగుతుందో ఒక్క ముక్క చెప్పలేం. పనికొచ్చింది మూడోది. మార్టీ రాబిన్స్ పాడిన ‘ఎల్ పాసో’ పాటలో అమ్మాయి పేరు ఫెలీనా. హత్య చేసి పారిపోయినవాడు చావు తప్పదని తెలిసీ ఆమె కోసం తిరిగొచ్చి చచ్చిపోయే పాట అది. ఎపిసోడ్ మొదట్లో మంచు కప్పిన కార్లో ఆ క్యాసెట్టే దొరుకుతుంది. పేరులో దాగిన కథ దొరికితే పట్టుకోండి, అక్షరాలతో ఆటలు ఎంత బాగున్నా పక్కన పెట్టండి.

9. తేదీ వేసి, అణాల్లో రాయండి

రాయని ఊహకు విలువ లేదు. అయిపోయాక ‘నేను ముందే అన్నాను’ అనేవాళ్ళు ప్రతి గదిలో ఒకరుంటారు. ప్రతి వరసలో తేదీ, ఏం జరుగుతుంది, ఎందుకు, ఏం కనబడితే నా ఊహ తప్పని ఒప్పుకుంటాను, ఈ నాలుగూ ఉండాలి. పక్కన నమ్మకం ఎన్ని అణాలో వేయండి. పదహారణాలు అంటే చచ్చినా మార్చుకోను అని. మేము శాతాలతో మొదలుపెట్టాం, అందరూ అన్నిటికీ ఎనభై శాతం వేస్తున్నారు. అణాల్లోకి దిగాక మనుషులు నిజం చెప్పారు, ‘ఆరణాలేరా’ అనడం సులువు.

ఒకసారి వేసిన అంకెను కొట్టేయకండి. మనసు మారితే కింద కొత్త తేదీతో కొత్త వరస.

10. అయిపోయాక లెక్క చూసుకోండి

సెప్టెంబర్ 29 రాత్రి తొమ్మిది దాటాక, వాల్టర్ ల్యాబులో నేల మీద పడి, కెమెరా పైకి వెళ్ళిపోయాక, మా గదిలో ఎవరూ కాసేపు మాట్లాడలేదు. తర్వాత వరంగల్ వాడే పుస్తకం తీశాడు.

ఎం60: ఎదుట గుంపు ఉందన్న ఊహ నలుగురిదీ నిజమైంది. కానీ దాన్ని చేత్తో పట్టుకుని లోపలికి వెళ్తాడని అందరం రాశాం. అతను గ్యారేజీ తలుపు మోటారుకు బిగించి కారు తాళం మీది బటన్‌తో నడిపించాడు. కెమిస్ట్రీ మాస్టారు సైనికుడిలా ఎందుకు వెళ్తాడు? మనిషి ఎవరో మరిచిపోయి ఊహించాం. దిక్కుకు మార్కు, సంఘటనకు సున్నా.

రైసిన్: పోలీసులకు దొరక్కుండా వాల్టర్ తనే మింగుతాడని నేను పదకొండు అణాలు వేశాను. అది లిడియా టీలోకి, ఆవిడ ఎప్పుడూ అడిగే స్టీవియా పొట్లంలోంచి వెళ్ళింది. ముందోసారి ఆవిడ కోసమే దాన్ని మోసుకెళ్ళి వెనక్కి తెచ్చాడని నా చేత్తోనే నేను రాసుకున్నాను. పైన వరస చదవకుండా కింద వరస రాశాను.

జేన్: నోటితో చెప్తాడని రాశాం, సెప్టెంబర్ 15న చెప్పాడు. పశ్చాత్తాపంతో అనుకున్నాం. అతను జెస్సీని ఇంకా ముక్కలు చేయడానికి చెప్పాడు. బాకీ తీరుతుందన్నది సరే, ఏ గొంతుతో తీరుస్తారన్నది కూడా రాయాలని అక్కడ నేర్చుకున్నాం.

కొన్నాళ్ళకు కొత్త వాదన ఒకటి లేచింది. ఆ మంచు కార్లోనే వాల్టర్ చచ్చిపోయాడు, మిగతాదంతా కల, లేకపోతే అన్నీ అంత సాఫీగా ఎలా జరుగుతాయి అని. గిల్లిగన్ కాదన్నారు. ఆయన అనకపోయినా పుస్తకం చాలు, కల అయితే ఏ బాకీ తీరినట్టు కాదు.

ఇక మూడో రకం. పుస్తకంలో ఎంత వెతికినా ఒక సీనుకు వరస లేదు. చివరిసారి స్కైలర్‌ను చూడటానికి వాల్టర్ ఆమె వంటగదిలోకి వస్తాడు. మొదటి సీజన్ నుంచీ అతను ఒకటే పాట, ఇదంతా కుటుంబం కోసం అని. మళ్ళీ అదే మొదలుపెట్టబోతున్నాడని ఆమె ఆపబోతుంది. అప్పుడంటాడు, నా కోసమే చేశాను, నాకు నచ్చింది, అందులో నేను బాగా రాణించాను అని. ఐదు సీజన్ల పాటు ప్రతి నేరానికీ వాడిన అబద్ధం అది. గన్ను కంటే, విషం కంటే ఎక్కువసార్లు చూపించింది దాన్నే, కానీ అది వస్తువు కాదు, రహస్యమూ కాదు, అందరి ముందూ పైకే చెప్తుండేవాడు, కాబట్టి మాకు బాకీలా కనబడలేదు. బాకీ ఉన్నది స్కైలర్‌కు, ఆమె గురించి మా పుస్తకంలో ఉన్నది ‘పట్టిస్తుంది’ అన్న ఒక్క వరసే.

మీరు కొత్త పుస్తకం మొదలుపెట్టేటప్పుడు మొదటి పేజీలో వస్తువులు రాయకండి. ముఖ్యమైన పాత్ర తన గురించి తను పదే పదే చెప్పుకునే మాట ఏమిటో వెతికి, అతను వాడిన మాటల్లోనే రాసి, ఎన్నిసార్లు అన్నాడో పక్కన గీతలు పెట్టుకుంటూ పోండి. గీతలు పది దాటాక, ఆ మాట అబద్ధమని ఒప్పుకోవాల్సింది ఎవరి ముందో ఒక పేరు రాసి, అణాలు వేయండి.